కుట్లు వేసే ముందు చిటికెన వేలిని అడగండి

మన మాటల్లో ‘నరం’ ఒక్కటే గానీ చేతిలో అది మూడు వేర్వేరు వస్తువులు. రక్తం తీయడానికి వచ్చిన సిస్టరు ‘నరం దొరకడం లేదమ్మా’ అన్నప్పుడు ఆమె వెతుకుతున్నది సిర. వేలు ముడవడానికి కండరం లాగే తెల్లటి తాడును, కోడికాలు కోసినప్పుడు చూసిన ప్రతివాళ్లూ నరమనే అంటారు. మెదడు, వెన్నుపాముల నుంచి చేతికి ఆజ్ఞను తీసుకెళ్లి, చేతి నుంచి స్పర్శను వెనక్కి తెచ్చేది మూడోది. దాని పేరూ నరమే. గుంటూరులో ఒక ఉన్నత పాఠశాలలో నేను జీవశాస్త్రం చెబుతాను. సిర, స్నాయుబంధనం, నాడి అని బల్ల మీద విడివిడిగా రాస్తాను, పిల్లలు పరీక్షలో విడివిడిగానే రాస్తారు, ఇంటికి వెళ్లాక వాళ్లూ నేనూ మళ్లీ మూడింటినీ నరమనే పిలుస్తాం. పోనీ ‘నాడి’ అందామంటే, ఊళ్లో నాడి చూడటమంటే మణికట్టు దగ్గర ధమని కొట్టుకోవడాన్ని చూడటం. 2016 ఏప్రిల్ వరకు ఇది నాకు తరగతిలో చెప్పుకునే భాషా విశేషంలాగే ఉండేది.

మా తమ్ముడు విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని చేస్తాడు. ఆ ఏప్రిల్‌లో ఒక లారీకి ముందు అద్దం విప్పుతుండగా అద్దం పగిలి, కుడి మణికట్టు మీద, చిటికెన వేలి వైపు, రెండంగుళాల మేర లోతుగా కోసుకుంది. మేస్త్రి తువ్వాలు గట్టిగా చుట్టి, ఆటోలో దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ వేళ్లు ముడవమన్నారు, ముడిచాడు. చెయ్యి వెనుకభాగాన్ని ముట్టుకుని తెలుస్తోందా అన్నారు, తెలుస్తోందన్నాడు. మత్తు సూది ఇచ్చి, గాయం కడిగి, తొమ్మిది కుట్లు వేసి, టీటీ ఇంజెక్షన్ చేసి, ‘నరం ఏమీ తెగలేదు, భయం లేదు’ అని ధైర్యం చెప్పి పంపించారు. ఆ డాక్టరు చెప్పింది రక్తనాళం గురించి. మేము విన్నది మూడో నరం గురించి. ఆ రాత్రి ఆయన అబద్ధం చెప్పలేదని నాకు ఇప్పటికీ నమ్మకం. ఆయన అన్న మాటకు, మేము విన్న మాటకు మధ్య ఉన్న సందులో తమ్ముడి చెయ్యి నాలుగు నెలలు ఉండిపోయింది.

కుట్లు విప్పిన తరువాత చిటికెన వేలు మొద్దుబారిందని వాడు చెబుతూనే ఉన్నాడు. ‘దెబ్బ తగిలింది కదా, అదే సర్దుకుంటుంది’ అని మేము అంటూనే ఉన్నాం. టీ గ్లాసు పట్టుకున్నప్పుడు చిటికెన వేలు కాలి బొబ్బ ఎక్కినా వాడికి తెలియలేదని తరువాత విన్నాను. ఆగస్టులో కృష్ణా పుష్కరాలు వచ్చాయి. అమ్మను తీసుకుని పద్మావతి ఘాట్‌కు వెళ్లాం. నీళ్లలో చాలాసేపు నిలబడి అర్ఘ్యం ఇస్తుంటే తమ్ముడి దోసిలి నిలవడం లేదు, చిటికెన వేలి పక్క నుంచి నీళ్లు జారిపోతున్నాయి. అమ్మ వాడి చెయ్యి పట్టుకుని చూసి, ‘ఇదేమిట్రా, మూడు వేళ్లు నాని ముడతలు పడ్డాయి, ఈ చిటికెన వేలు మాత్రం ఎండలో ఉన్నట్టు నున్నగా ఉంది?’ అంది. నాకు ఒళ్లు జలదరించింది. వేళ్ల కొసలు నీళ్లలో ముడతలు పడటం చర్మం నానడం వల్ల మాత్రమే జరిగే పని కాదు. చర్మం కింద ఉన్న సన్నని రక్తనాళాలను కుదించమని నరం చెబితేనే ముడత పడుతుంది. నరం తెగిన వేలు ఎంతసేపు నానినా ముడత పడదు. అదే నరం చెమట గ్రంథులనూ నడుపుతుంది కాబట్టి ఆ భాగం చెమట పట్టక పొడిగా, జారుడుగా ఉంటుంది. 1970ల నుంచే వైద్యులు ఈ ముడతల పరీక్షను, ముఖ్యంగా ఏది తెలుస్తోందో ఏది తెలియడం లేదో చెప్పలేని చిన్నపిల్లల్లో, వాడుతున్నారు. నాకు ఆ సంగతి పుస్తకంలో తెలుసు. అమ్మకు పుస్తకం తెలియదు, అయినా ముందు చూసింది అమ్మే.

గుంటూరులో మేము కలిసిన ప్లాస్టిక్ సర్జన్‌గారు పరీక్షకు పట్టుమని రెండు నిమిషాలు తీసుకోలేదు. చీపురుపుల్ల లాంటి ఒక పుల్ల కొసతో చిటికెన వేలి లోపలివైపు, అంటే అరచేతి వైపు కొసను తాకి, కళ్లు మూసుకోమన్నారు. తమ్ముడికి ఏమీ తెలియలేదు. వేళ్లన్నీ విసనకర్రలా విప్పి మళ్లీ దగ్గరికి చేర్చమన్నారు, చేర్చలేకపోయాడు. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కాగితం పెట్టి లాగారు. కాగితాన్ని ఆపడానికి వాడి బొటనవేలి చివరి కణుపు కొక్కెంలా వంగింది. ఇది 1915లో ఫ్రోమాన్ అనే ఫ్రెంచి వైద్యుడు చెప్పిన గుర్తు. మణికట్టులో చిటికెన వేలి వైపు దిగే అల్నార్ నరం పూర్తిగా తెగిందని ఆయన అప్పుడే చెప్పేశారు, ఆ తరువాత చేయించిన ఈఎంజీ, అంటే కండరానికి నరం ఆజ్ఞ అందుతోందో లేదో చూసే విద్యుత్ పరీక్ష, దాన్ని ఖాయం చేసింది.

మరి ఏప్రిల్ రాత్రి ఎందుకు దొరకలేదు? ఈ ప్రశ్నకు జవాబు ప్రతి క్యాజువాలిటీలోనూ తెలిసి ఉండాలని నా వాదన కాబట్టి వివరంగానే చెబుతాను. వేళ్లను ముడిచే పెద్ద కండరాలు చేతిలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. వాటికి వెళ్లే కొమ్మలు నరం నుంచి మోచేతి దగ్గర్లోనే విడిపోతాయి. అందువల్ల మణికట్టు దగ్గర నరం తెగినా వేళ్లు ముడుచుకుంటాయి. అలాగే చేతి వెనుకభాగంలో చిటికెన వేలి వైపు స్పర్శను మోసే కొమ్మ మణికట్టుకు రెండు మూడు అంగుళాల పైనే చీలిపోయి వెనక్కి తిరుగుతుంది. కాబట్టి చెయ్యి వెనుకభాగం ముట్టుకుంటే తెలుస్తుంది. ఆ రాత్రి చేసిన రెండు పరీక్షలూ నరం తెగినా ‘బాగుంది’ అనే జవాబే ఇచ్చే పరీక్షలు. అడగవలసిన చోటు చిటికెన వేలి కొస, అరచేతి వైపు. చేతికి వచ్చే మిగతా రెండు పెద్ద నరాల్లో, మీడియన్ నరానికైతే చూపుడు వేలి కొస. రేడియల్ నరానికైతే బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య వెనుకవైపున్న చర్మం. కదలికకు కూడా మూడే ప్రశ్నలు: వేళ్లు విప్పి మూయగలరా, బొటనవేలిని అరచేతి నుంచి నిటారుగా పైకి లేపగలరా, మణికట్టును వెనక్కి ఎత్తగలరా. ఇవన్నీ మత్తు సూది వేయక ముందు అడగాలి. వేశాక అడిగితే ఆ జవాబు మందు చెప్పేదే తప్ప నరం చెప్పేది కాదు.

ఒక నరం తెగితే ఏమవుతుందో మన పాఠ్యపుస్తకాలు చెప్పవు. చేతిలోని కండరాన్ని కదిలించే నాడీకణం మెడ దగ్గర వెన్నుపాములో ఉంటుంది, దాని తంత్రికాక్షం ఒక్కటే పోగుగా అక్కడి నుంచి వేలి దాకా దాదాపు మీటరు దూరం వస్తుంది. ఆ పోగును మణికట్టు దగ్గర కోస్తే, కణానికి అంటుకున్న పైభాగం బతుకుతుంది, కణం నుంచి విడిపోయిన కింది భాగం చచ్చిపోతుంది. 1850లో ఆగస్టస్ వాలర్ కప్ప నాలుకకు వెళ్లే నరాలను కోసి, రోజుల తరబడి సూక్ష్మదర్శినిలో చూసి, కింది భాగం విరిగిన పాలలా ముక్కలై కరిగిపోవడాన్ని లండన్ రాయల్ సొసైటీకి నివేదించాడు. దాన్ని నేటికీ వాలర్ పేరుతోనే పిలుస్తారు. అయితే చచ్చేది పోగు మాత్రమే, దాని చుట్టూ ఉన్న గొట్టం మిగులుతుంది. చెత్తను భక్షక కణాలు శుభ్రం చేస్తాయి, పోగుకు తొడుగుగా ఉండే ష్వాన్ కణాలు గొట్టం పొడవునా బారులు తీరి, పై నుంచి రాబోయే మొలకకు దారి చూపే రసాయనాలను విడుదల చేస్తాయి. మెదడులో, వెన్నుపాములో ఈ వసతి లేదు. చేతులకు, కాళ్లకు వెళ్లే నరాలకు ఉంది. పైకొస నుంచి మొలకలు వస్తాయి. ఎదిగే ఆ కొసను స్పెయిన్‌కు చెందిన కహాల్ 1890లోనే గుర్తించి బొమ్మలు గీశాడు. మొలక రోజుకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు నడుస్తుంది. నెలకు మూడు సెంటీమీటర్లు.

‘నరం దానంతట అదే పెరుగుతుందట కదా’ అని మా బంధువుల్లో చాలామంది అన్న మాట ఈ సత్యంలో సగమే. పెరుగుతుంది, దారి ఉంటే. రెండు కొసల మధ్య అర సెంటీమీటరు ఖాళీ ఉన్నా, ఆ ఖాళీలో గాయపు మచ్చ గట్టిపడినా, మొలకలు దారి తప్పి అక్కడే చుట్టుకుని ముద్దవుతాయి. తమ్ముడి మణికట్టులో పైకొసన వెల్లుల్లి రెబ్బంత ముద్ద ఉంది, తాకితే చెయ్యంతా జివ్వుమనేది. నాలుగు నెలలుగా వాడి నరం పెరగడానికి ప్రయత్నించిన గుర్తే ఆ ముద్ద. చేరవలసిన గొట్టం పక్కనే ఉన్నా అది దానికి చేరలేకపోయింది.

రెండో సగం గడువు. మన డెల్టా రైతులకు దీన్ని వివరించడానికి నాకు వేరే పోలిక అక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలిన రోజునే శివారు భూములకు నీళ్లు అందవు; కాలువ పొడవునా ప్రయాణించి అవి చేరే లోపు నారు ఎండిపోతే, ఆ తరువాత ఎంత నీరు వచ్చినా ఆ పంట లేవదు. ఆజ్ఞ అందని కండరం కూడా అంతే. నెలలు గడిచే కొద్దీ అది సన్నబడుతుంది, నరం వచ్చి అతుక్కునే చోటు చెదిరిపోతుంది, ఏడాది నుంచి ఏడాదిన్నర దాటాక కండరం స్థానంలో కొవ్వు, పీచు మిగులుతాయి. స్పర్శకు ఇంత కఠినమైన గడువు లేదు, ఆలస్యంగానైనా కొంత వస్తుంది, కదలికకు ఉంది. అందుకే ఒకే నరం ఎక్కడ తెగిందన్నది బతుకును మారుస్తుంది. మణికట్టు నుంచి చేతిలోని చిన్న కండరాలకు దూరం పది సెంటీమీటర్ల లోపు. చంక దగ్గర తెగితే అదే దూరం అరవై, డెబ్బై సెంటీమీటర్లు, అంటే రెండేళ్ల ప్రయాణం. ఆ రోజే కుట్టినా చేతి కండరాలకు నీళ్లు సమయానికి అందవు. తమ్ముడిది మణికట్టు కావడం అదృష్టం. ఆ అదృష్టంలో నాలుగు నెలలు మేము ఊరికే పోగొట్టుకున్నాం.

సెప్టెంబరులో శస్త్రచికిత్స జరిగింది. అద్దంతో కోసుకున్న శుభ్రమైన గాయాన్ని మొదటి కొద్ది రోజుల్లోనే తెరిచి ఉంటే, రెండు కొసలనూ నేరుగా కలిపి కుట్టి ఉండేవారు. తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటే అలా కుట్టే నైలాన్ దారం 30 మైక్రాన్లు. నరం పైపొర మీద సన్నటి రక్తనాళాలు గీతల్లా కనిపిస్తాయి, రెండు వైపులా ఆ గీతలను కలిపితే లోపలి కట్టలు కూడా సరిగ్గా ఎదురెదురుగా వస్తాయి. ఇది అలంకారం కాదు. అల్నార్ నరంలో కొన్ని కట్టలు కదలికవి, కొన్ని స్పర్శవి. కదలిక మొలక స్పర్శ గొట్టంలోకి దూరితే అది చర్మం దాకా వెళ్లి వృథా అవుతుంది. నాలుగు నెలల తరువాత ఆ సులువు లేదు. పైన ముద్దను, కింద మచ్చను, లోపల ఆరోగ్యమైన కట్టలు కనిపించే దాకా పలుచగా కోసుకుంటూ పోతే చివరికి మూడున్నర సెంటీమీటర్ల ఖాళీ మిగిలింది.

ఒకప్పుడైతే మణికట్టును వంచి, కొసలను బలవంతంగా లాగి కుట్టి, పిండికట్టు వేసి, తరువాత వారాల్లో నెమ్మదిగా నిటారు చేసేవారు. లాగి కుట్టిన చోట రక్తప్రసరణ తగ్గి మచ్చ పెరుగుతుందని, లాగడం కంటే మధ్యలో అతుకు వేయడమే మేలని వియన్నాలో హన్నో మిల్లేసి 1972లో ప్రచురించిన పనితో నిలబెట్టాడు. తమ్ముడి పిక్క వెనుక నుంచి మడమ పక్కకు దిగే సూరల్ నరాన్ని తీసి, ముక్కలుగా చేసి, సూక్ష్మదర్శిని కింద కట్టకు కట్ట ఎదురుగా పెట్టి అతికారు. ఆ ముక్కల్లోని పోగులు కూడా చచ్చిపోతాయి. మనకు కావలసింది వాటి గొట్టాలు, ష్వాన్ కణాలు మాత్రమే. సన్నటి ముక్కలే ఎందుకంటే, చుట్టూ ఉన్న కణజాలం నుంచి పోషణ లోపలి దాకా అందాలి, లావుపాటి అతుకు మధ్యలో చచ్చిపోతుంది. బదులుగా వాడు ఇచ్చుకున్నది పాదం బయటి అంచున అరచేయంత మేర స్పర్శ. ‘చెప్పులేసుకుంటే తెలియదులే అక్కా’ అని ఆ రోజు నన్నే ఓదార్చాడు.

ఆ తరువాతి ఏడాది నిరీక్షణను కొలవడానికి మాకు ఒక పద్ధతి దొరికింది. నరం మీద వేలితో తట్టుకుంటూ వెళ్తే, మొలకలు ఎక్కడి దాకా వచ్చాయో అక్కడ తట్టినప్పుడు వేలి కొసలో జివ్వుమంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒకరికొకరు శత్రు పక్షాల్లో ఉన్న ఫ్రాన్స్ వైద్యుడు టినెల్, జర్మనీ వైద్యుడు హాఫ్‌మన్ 1915లోనే, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, దీన్ని రాశారు. ప్రతి నెలా మొదటి ఆదివారం తమ్ముడు గుంటూరు వచ్చేవాడు. నేను తడుతూ వెళ్లి, వాడు ‘ఇక్కడే’ అన్న చోట బాల్‌పెన్నుతో చుక్క పెట్టి, పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలుతో కొలిచి నోటుపుస్తకంలో రాసేదాన్ని. మొదటి నెల అసలు కదలలేదు. తరువాత ఒక నెల 2 సెంటీమీటర్లు, ఒక నెల 3. అతుక్కు రెండు కుట్లు ఉంటాయి, మొలక రెండు గడపలు దాటాలి, అందుకే మొదట్లో నెమ్మది అని సర్జన్‌గారు చెప్పారు.

స్పర్శ తిరిగి వచ్చినప్పుడు పాత స్పర్శలా రాలేదు. చిటికెన వేలిని తాకితే ఉంగరపు వేలిలో తెలిసేది. దుప్పటి రాసుకుంటే మంట. 1903 ఏప్రిల్ 25న హెన్రీ హెడ్ అనే బ్రిటిష్ వైద్యుడు, స్పర్శ ఎలా తిరిగొస్తుందో తెలుసుకోవడానికి, తన ముంజేతి నరాన్ని తానే కోయించుకుని కుట్టించుకున్నాడు. తన మిత్రుడు రివర్స్‌తో కలిసి ఏళ్ల తరబడి ఆ చెయ్యిని పరీక్షించి 1908లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ల వివరణల్లో తరువాతి వాళ్లు సరిదిద్దినవి చాలా ఉన్నాయి, కానీ తాకిన చోట ఒకటీ, తెలిసిన చోట మరొకటీ కావడం గురించి వాళ్లు రాసినది చదివి తమ్ముడికి చెప్పినప్పుడు వాడి ముఖంలో వచ్చిన నెమ్మది నాకు గుర్తుంది. తన చెయ్యికి పిచ్చెక్కలేదని వాడికి తెలిసింది. మొలకలు అన్నీ సొంత గొట్టాల్లోకి వెళ్లవు, మెదడు కొత్త పటాన్ని నేర్చుకోవాలి. ఫిజియోథెరపిస్టుగారి సలహాతో అమ్మ ఒక డబ్బాలో బియ్యం పోసి, అందులో చింతగింజలు, ఎండుమిరపకాయ తొడిమలు, చిన్న నట్లు, పావలా బిళ్లలు కలిపి పెట్టేది. వాడు కళ్లు మూసుకుని చేత్తో వెతికి పేరు చెప్పి తీసేవాడు. ఆ పని రోజుకు అరగంట, ఎనిమిది నెలలు సాగింది.

ఇంత జరిగే లోపు వాడు మింగిన బిళ్లల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆలస్యానికి వాటి వాటా పెద్దది. మే నెల నుంచి ఆగస్టు దాకా, ఎవరికి వేలు మొద్దుబారిందని చెప్పినా, ‘నరాలకు బలం’ అని ఒక పట్టీ బిళ్లలు రాసి ఇచ్చారు, కొన్ని వారాలు ఇంజెక్షన్లు కూడా చేశారు. బి-12 లోపం వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్లకు అది నిజమైన మందు, నేను దాన్ని తక్కువ చేయడం లేదు. తెగిన రెండు కొసలను ఏ విటమినూ దగ్గరికి తేలేదు. ‘నరాల బలహీనత’ అనే మాట మన గోడల మీది ప్రకటనల నుంచి మందుల షాపు బల్ల దాకా ఎంతగా పాకిపోయిందంటే, నరమంటే టానిక్కు తాగితే పుంజుకునేదనీ, ఓపిక పడితే కోలుకునేదనీ మనందరికీ ఒక అస్పష్టమైన నమ్మకం స్థిరపడిపోయింది. తెగిన టెలిఫోను తీగకు ఎవరూ టానిక్కు పోయరు. నరం పట్ల మాత్రం అదే చేస్తున్నాం, ఆ మూడు నెలలూ రోగికి వైద్యం అందుతున్నట్టే అనిపిస్తుంది.

నా వాదనకు ఎదురు చెప్పేవాళ్లతో నేను చాలాసార్లు మాట్లాడాను. వాళ్లలో నా దగ్గర చదువుకుని ఇప్పుడు హౌస్ సర్జన్లుగా పని చేస్తున్నవాళ్లూ ఉన్నారు. ‘టీచరుగారూ, రాత్రి రెండు గంటలకు జాతీయ రహదారి మీద ప్రమాదం జరిగి ఒకేసారి ఆరుగురు వస్తారు, ఒకరికి తల పగిలి ఉంటుంది, ఇంకొకరికి కడుపులో రక్తస్రావం, ఆ సమయంలో చిటికెన వేలు ఎవరు చూస్తారు?’ అని ఒకడు అడిగాడు. అది న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఏమిటంటే, ఆ రాత్రి నరాన్ని కుట్టమని ఎవరూ అడగడం లేదు. ప్రాణం ముందు, రక్తం ఆపడం తరువాత. నరాన్ని అర్ధరాత్రి, అలసిపోయిన చేతులతో, సూక్ష్మదర్శిని లేని గదిలో కుట్టడం కంటే గాయం శుభ్రంగా కడిగి, చర్మం మూసి, మూడు రోజుల్లోనో వారంలోనో అది తెలిసిన చేతుల్లో పెట్టడమే మేలు. ఆ రాత్రి కావలసింది చిటికెన వేలి కొసను ఒకసారి తాకి, కేస్ షీటు మీద ఒక వాక్యం రాయడం, తేడా ఉంటే ఎక్కడికి వెళ్లాలో చెప్పడం. దీనికి పరికరం అక్కర్లేదు, నిమిషం కంటే ఎక్కువ పట్టదు. రద్దీని కారణంగా చూపగలిగేది శస్త్రచికిత్స విషయంలోనే. తాకి చూడటానికి ఆ కారణం సరిపోదు.

ఇంకో అభ్యంతరం మరింత బలమైనది: ప్రతి నరం దెబ్బకూ కత్తి పట్టుకోకూడదు, వేచి చూడటం కూడా వైద్యమే. నిజం. 1943లో హెర్బర్ట్ సెడ్డన్ నరాల దెబ్బలను మూడు రకాలుగా విడదీశాడు: పోగులు తెగకుండా కొంతకాలం ఆజ్ఞ ఆగిపోయేది, పోగులు తెగినా గొట్టాలు నిలిచేది, మొత్తం నరమే తెగేది. మెల్‌బోర్న్‌లో సండర్లాండ్ 1951లో వాటిని అయిదు మెట్లుగా మరింత సూక్ష్మంగా విభజించాడు. మొదటి రకం వారాల్లో, రెండోది నెలల్లో దానంతట అదే బాగుపడుతుంది. భుజానికీ మోచేతికీ మధ్య ఎముక విరిగి మణికట్టు వాలిపోయినవాళ్లలో ఎక్కువమందికి రేడియల్ నరం శస్త్రచికిత్స లేకుండానే కోలుకుంటుంది. వాళ్ల విషయంలో తొందరపడి కోయడం తప్పు. అయితే ఆ వేచి చూడటానికి లెక్క ఉంది: మూడు, నాలుగు వారాలకు ఈఎంజీ, మూడు నెలలకు మళ్లీ పరీక్ష, ఆ లోపు కోలుకునే గుర్తు లేకపోతే తెరిచి చూడటం. చర్మం పగలకుండా లోపల తగిలిన దెబ్బకు చెప్పిన ఈ ఓపికను తెచ్చి, అద్దమో కత్తో లోపలికి దిగిన గాయానికి అంటగట్టడమే నేను తప్పంటున్నది. పదునైన వస్తువు దిగిన చోట కింద స్పర్శ లేకపోతే, తెగలేదని కళ్లతో చూసి రుజువయ్యే దాకా నరం తెగినట్టే అనుకోవాలి.

మోటారు సైకిలు ప్రమాదాల్లో భుజం దగ్గర నరాల గుచ్ఛం తెగినవాళ్ల కథ ఇంకా బాధాకరం. మెడ ఒకవైపు, భుజం ఒకవైపు లాగినప్పుడు నరాలు వెన్నుపాములోంచే వేర్లతో సహా ఊడి రావచ్చు, అప్పుడు కుట్టడానికి పైకొసే ఉండదు. అక్కడ పనికొచ్చేది నరాల మార్పిడి. పారిస్‌లో ఒబెర్లిన్ 1994లో చెప్పిన పద్ధతిలో, బాగున్న అల్నార్ నరం నుంచి ఒక సన్నని కట్టను తీసి, మోచేతిని వంచే కండరపు నరానికి, కండరం పక్కనే కలుపుతారు. ప్రయాణ దూరం కొన్ని సెంటీమీటర్లకు తగ్గుతుంది కాబట్టి మోచెయ్యి మళ్లీ వంగుతుంది. మన పోలికలో చెప్పాలంటే, బ్యారేజీ నుంచి ఎదురుచూడకుండా పక్క కాలువకు తూము పెట్టడం. ఈ పని ఆరు నెలల లోపు జరిగితే ఫలితం మెరుగు. ఫిజియోథెరపీ గది బయట బెంచీ మీద మాకు కనిపించిన కుర్రాళ్లలో ఒకడు ప్రమాదమైన పద్నాలుగు నెలలకు వచ్చాడు. అప్పటిదాకా వాడికి మసాజులు, బిళ్లలు.

గడువు దాటినవాళ్లకు అన్నీ మూసుకుపోయినట్టు కాదని కూడా రాయాలి. కుష్ఠు వల్ల నరాలు చచ్చి వేళ్లు వంగిపోయిన వందల చేతులకు, వెల్లూరులో పాల్ బ్రాండ్ 1940ల చివరి నుంచి, బాగున్న కండరపు తాడును మళ్లించి కదలిక తెచ్చాడు. ఆ శస్త్రచికిత్సలు ఇప్పుడు ఏ కారణంతో నరం పోయినవాళ్లకైనా ఉపయోగపడుతున్నాయి. కదలిక కొంత తిరిగొస్తుంది, స్పర్శ రాదు. చిన్న ఖాళీలకు గొట్టాలు, దాతల నుంచి శుద్ధి చేసిన అతుకులు, కుట్టిన తరువాత ఒక గంటసేపు సెకనుకు 20 సార్లు ఇచ్చే విద్యుత్ ప్రేరణ వంటివి కూడా వస్తున్నాయి, వాటి గురించి ఆశగానే చదువుతున్నాను. కానీ నరం తెగిందని ఎవరూ గుర్తించని చేతికి వాటిలో ఏదీ చేరదు.

తమ్ముడి చెయ్యి ఇప్పుడు ఎలా ఉందంటే, చిటికెన వేలికి వేడి, చల్లన, సూది మొన తెలుస్తాయి, గుడ్డ నేతలో తేడా తెలియదు. కాగితం పరీక్షలో బొటనవేలు కొద్దిగా వంగుతుంది. స్పానర్ పట్టగలడు, సన్నటి స్క్రూ తిప్పడానికి ఎడమ చెయ్యి వాడతాడు. చిటికెన వేలు ఉంగరపు వేలికి పూర్తిగా ఆనదు, దోసిలి ఇంకా కారుతుంది. మొదటి వారంలో కుట్టి ఉంటే పూర్తిగా బాగయ్యేదని నేను అనను. పెద్దవాళ్లలో మంచి చేతుల్లో, మంచి సమయంలో కుట్టిన నరం కూడా నూటికి నూరు తిరిగి రాదు. ఇంతకంటే బాగుండేదని మాత్రం నిస్సంకోచంగా అంటాను.

వాళ్ల షెడ్డులో ప్రథమ చికిత్స పెట్టె పక్కన వాడు ఎర్ర పెయింటుతో ఒక చెయ్యి బొమ్మ వేసి, మూడు చోట్ల చుక్కలు పెట్టాడు. పోయిన వేసవిలో ఒక కొత్త కుర్రాడికి రేకు కోసుకుని మణికట్టు తెగింది. తువ్వాలు చుట్టాక, ఆటో వచ్చే లోపు, తమ్ముడు వాడి కళ్లు మూయించి అగ్గిపుల్లతో చిటికెన వేలి కొసను, చూపుడు వేలి కొసను తాకాడు. చిటికెన వేలు ‘ఏదో మొద్దుగా ఉందన్నా’ అన్నాడట. ఆసుపత్రిలో ఆ మాటే చెప్పారు. అక్కడి లేడీ డాక్టరు మత్తు సూది పక్కన పెట్టి, మళ్లీ తానే తాకి చూసి, చర్మానికి మాత్రం కుట్లు వేసి, చీటీ మీద రెండు పంక్తులు రాసి ఇచ్చిందట. తమ్ముడు ఆ చీటీని ఫోటో తీసి నాకు పంపాడు. అయిదో రోజున ఆ కుర్రాడి నరాన్ని కొసకు కొస కలిపి కుట్టారు, అతుకు అవసరం పడలేదు. నెలకోసారి వాడి చెయ్యి మీద బాల్‌పెన్ను చుక్క పెడుతున్నది ఇప్పుడు మా తమ్ముడు.